గేటు దగ్గర రెండొందలు: స్పాన్సర్లకు ఒక బహిరంగ లేఖ

మార్కెటింగ్ అన్నలకూ అక్కలకూ నమస్తే.

మీలో కొందరు మద్యం కంపెనీల్లో ఉన్నారు, కొందరు కూల్‌డ్రింకుల్లో, కొందరు షూల్లో, ఇంకొందరు వాళ్లకూ మాకూ మధ్య తిరిగే ఈవెంట్ ఏజెన్సీల్లో. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబులు రాసి విసుగొచ్చింది, అందుకని అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను. పోయిన వారం మీలో ఒకరు పంపిన మెయిల్‌లో, హైదరాబాద్ అండర్‌గ్రౌండ్ కమ్యూనిటీతో కలిసి ఒక అథెంటిక్ ప్రాపర్టీ తయారు చేద్దాం అని ఉంది. ప్రాపర్టీ అనగానే నాకు శంషాబాద్ దాటాక రోడ్డు పక్కన కనబడే వెంచర్ల బోర్డులు గుర్తొచ్చాయి. మీ భాషలో ప్రాపర్టీ అంటే కంపెనీ పేరు ముందు తగిలించుకుని ఏటా జరిగే ప్రోగ్రాం అని తర్వాత తెలిసింది. అయినా నాకు మొదట తోచింది మరీ తప్పేం కాదనిపిస్తోంది, హద్దురాళ్లు పాతడం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

ముందు నా సంగతి. పన్నెండేళ్లుగా ఈ ఊళ్లో చిన్న చిన్న షోలు పెడుతున్నాను. మెటల్ బ్యాండ్లు, దక్కనీలో ర్యాప్ చేసే కుర్రాళ్లు, గిటార్ పట్టుకుని సొంత తెలుగు పాటలు పాడే ఇంజినీరింగ్ పిల్లలు, ఎవరొస్తే వాళ్లు. మొదట్లో నేను అండర్‌గ్రౌండ్ మ్యూజిక్ చేస్తున్నానని చెబితే మా అమ్మ ముఖం పాలిపోయింది. మాది జనగామ వైపు. ఆమె తరానికి అండర్‌గ్రౌండ్ అంటే ఒకటే అర్థం, అజ్ఞాతం. అటు నుంచి వచ్చిన పాటలు ఆమెకూ కొన్ని నోటికొచ్చు. 1972లో మొదలైన జననాట్యమండలి, భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు కట్టుకున్న గద్దర్, ఇవన్నీ మా ఇంట్లో మామూలుగా దొర్లే మాటలు. 1990లో ఆయన అజ్ఞాతం వదిలి వచ్చి నిజాం కాలేజీ మైదానంలో పాడినప్పుడు ఇసకేస్తే రాలనంత జనం అని మా నాన్న ఇప్పటికీ చెబుతాడు. నేను చేసేది దాని కాలిగోటికి కూడా సరిపోదు, మా వాళ్లను ఏ పోలీసూ వెతకడు (పక్కింటాయన సౌండ్ ఎక్కువైందని ఫోన్ చేస్తే తప్ప). 2025లో తెలంగాణ ప్రభుత్వం ఆ గద్దర్ పేరు మీదే హైటెక్స్‌లో సినిమా అవార్డులు ఇచ్చింది. మా నాన్న టీవీ ముందే ఉన్నాడు. ఏమీ అనలేదు, రిమోట్ తీసుకుని సౌండ్ తగ్గించాడు.

సరే, మీ విషయానికి వద్దాం. మీ స్లైడ్లలో రీచ్ (ఎంతమందికి చేరింది) ఉంటుంది, ఇంప్రెషన్లు (ఎన్నిసార్లు కనబడింది) ఉంటాయి. వాటిలో లేని లెక్క ఒకటి చెబుతాను. సైనిక్‌పురిలో ఒక కేఫ్ మేడ మీద మాకు గది ఉండేది. ఎనభై మంది పడతారు, ఎండాకాలమైతే అరవై మందికే ఊపిరాడదు. గేటు దగ్గర ఒక ప్లాస్టిక్ స్టూలు, దాని మీద బిస్కెట్ల రేకు డబ్బా, కోఠిలో చేయించిన రబ్బరు స్టాంపు. మనిషికి ₹200. డబ్బిచ్చినవాడి మణికట్టు మీద స్టాంపు వేసేవాళ్లం, చెమటకు అది అరగంటలో చెరిగిపోయేది, అయినా ఎవరు ఇచ్చారు ఎవరు ఇవ్వలేదు అన్న గొడవ ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే సగం ముఖాలు మాకు తెలిసినవే. గది నిండితే ₹16,000. సౌండ్ అద్దె ఐదు వేలు, కేఫ్ ఓనరుకు మూడు వేలు పోను మిగిలిన ఎనిమిది వేలు మూడు బ్యాండ్లు పంచుకోవాలి. డ్రమ్స్ తెచ్చిన ఆటో ట్రాలీకి ఇచ్చాక ఒక్కో బ్యాండ్‌కు తలా ఒక బిర్యానీ మిగిలేది.

పేదరికం గొప్పదని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు, చిరాకు పుట్టేది నాకు కూడా. కానీ ఆ రెండొందలతో ఒక పని జరిగేది. ఒకసారి ఒక బ్యాండ్ ముప్పావు గంట ఆలస్యంగా వచ్చి, ఉన్న నాలుగు పాటల్లో రెండింటిని తప్పుగా వాయించింది. ముందు వరసలో నిలబడ్డ ఒకతను, ఏదో బ్యాంకులో పనిచేస్తాడు, గేటు దగ్గరికొచ్చి నా డబ్బులు నాకిచ్చెయ్ అన్నాడు. నేను సర్దిచెబుతుంటే పాట పాడిన కుర్రాడే వచ్చి డబ్బాలోంచి రెండు వందలు తీసి చేతిలో పెట్టి, వచ్చే నెల కూడా రా అన్నా, అన్నాడు. అతను వచ్చాడు. మళ్లీ మళ్లీ వచ్చాడు. డబ్బిచ్చినవాడికి మమ్మల్ని తిట్టే హక్కు ఉండేది, మాకు అతని మాట వినక తప్పని అవసరం ఉండేది.

ఆ తర్వాత మీరు వచ్చారు. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం, ఏ కంపెనీ అయినా కథ ఇంతే జరిగేది. పెద్ద లాన్, ఎల్‌ఈడీ తెర, వాయించేవాళ్లకు తమ మోత వినబడేలా అసలైన మానిటర్ స్పీకర్లు, ఒక్కో బ్యాండ్‌కు ₹25,000. నేను సంతోషంగా సంతకం పెట్టాను, ఆ డబ్బుతో కొన్న మిక్సర్‌నే ఇప్పటికీ వాడుతున్నాను, కాబట్టి నేనేదో మడి కట్టుకుని కూర్చున్నానని అనుకోకండి. ఎంట్రీ ఫ్రీ, ఫోన్ నంబర్, మెయిల్ ఇచ్చి క్యూఆర్ కోడ్ తీసుకుంటే చాలు. ఆరు వందల మంది వచ్చారు. రెండేళ్లు అలాగే నడిచింది. మూడో ఏడు ఫోన్ చేస్తే, ఈసారి బడ్జెట్ మొత్తం క్రికెట్‌కు వెళ్లిపోయింది బ్రో, అన్నారు.

మేం తిరిగి కేఫ్‌కు వెళ్లాం. మేడ మీద గదిలో అప్పటికే స్విగ్గీ, జొమాటో ఆర్డర్లు వండే వంటగది నడుస్తోంది. ఓనరు తప్పేం లేదు, రెండేళ్లు మేం ముఖం చూపించకపోతే ఆయన అద్దె ఎవరు కడతారు? వేరే చోట గది వెతికి, పాత స్టూలు, పాత డబ్బా పెట్టుకుని కూర్చుంటే వచ్చిన వాళ్లు అడిగిన మొదటి మాట: "అన్నా, పోయినసారి ఫ్రీ కదా?" ఆ రోజు వచ్చింది ముప్పై ఒక్క మంది. అందులో తొమ్మిది మంది బ్యాండ్ల స్నేహితులు.

ఈ లేఖలో నేను చెప్పదలుచుకున్నది అసలు ఇదే. మీరు డబ్బిచ్చారని నాకు కోపం లేదు, వెళ్లిపోయారని కూడా లేదు, మీ ఉద్యోగమే అంత. మీరు ఫ్రీ చేశారు, అదీ నా బాధ. పదేళ్లు కూడబెట్టిన ఒక అలవాటు, జేబులోంచి రెండొందలు తీసి తెలియని బ్యాండ్ కోసం ఇచ్చే అలవాటు, రెండు సీజన్లలో పోయింది, అది మళ్లీ రావడానికి ఎన్నేళ్లు పడుతుందో మీ క్యాంపెయిన్ రిపోర్టులో ఏ గడిలోనూ ఉండదు.

మీలో ఒకాయన, తెలుగు బాగా చదువుకున్నవాడే, నాతో వాదించాడు. పూర్వం రాజులు కవుల్ని పోషించలేదా, మేమూ అంతే కదా అని. మంచి మాటే. నేను పోతన పక్షం కూడా కాదు, దున్నుకోవడానికి నాకు పొలం లేదు, ఇస్తే పుచ్చుకునే శ్రీనాథుడి పక్షమే. కానీ శ్రీనాథుడి కథ కనకాభిషేకం దగ్గర ఆగిపోలేదు కదా సార్. ఆదరించిన రాజ్యాలు పోయాక ముసలితనంలో బొడ్డుపల్లెలో పొలం గుత్తకు పట్టాడని, కృష్ణ వరదకు పంట కొట్టుకుపోయి ఏడు వందల టంకాలు కట్టలేక ఊరి ముందు అవమానాలు పడ్డాడని చెప్పుకుంటారు. ఆ చాటువులు మా తెలుగు మాస్టారు క్లాసులో చదువుతుంటే అప్పట్లో నవ్వొచ్చేది. ఈమధ్య గుర్తొస్తే నవ్వు రావడం లేదు.

ఇది మన ఊరి గోల మాత్రమే అనుకోకండి. రెడ్ బుల్ మ్యూజిక్ అకాడమీ 1998లో బెర్లిన్‌లో మొదలైంది. ఊరూరా తిరిగి కొత్త సంగీతకారులను పిలిచి, స్టూడియోలు ఇచ్చి, ఆ రంగంలో పెద్దవాళ్ల చేత మాట్లాడించింది. ఆ వీడియోలు చూసి నేను కూడా చాలా నేర్చుకున్నాను, ఆ రుణం కాదనను. 2019 ఏప్రిల్‌లో మూసేస్తున్నామని ప్రకటించారు, అక్టోబరు ఆఖరుకు దుకాణం సర్దేశారు. ఇరవై ఏళ్ల పాటు ఎన్నో దేశాల్లో ఆ ఒక్క ఎనర్జీ డ్రింకు మీద ఆనుకుని బతికిన జనం ఉన్నట్టుండి రోడ్డు మీద నిలబడ్డారు. పాట బాగాలేక కాదు, వినేవాళ్లు లేక కాదు, ఒక కంపెనీ తన లెక్క మార్చుకుంది, అంతే.

ఇక మద్యం అన్నల సంగతి కొంచెం వివరంగా మాట్లాడాలి, ఎందుకంటే ఈ దేశంలో మా మీద అందరికన్నా ఎక్కువ ప్రేమ మీకే. టీవీలో మందు ప్రకటన వేయకూడదు. అందుకని అదే పేరుతో సోడా, మంచినీళ్లు, గ్లాసులు, మ్యూజిక్ సీడీలు. సీడీ ప్లేయర్లు ఇళ్లలోంచి మాయమయ్యాక కూడా మీ ప్రకటనల్లో సీడీలు కనబడుతూనే ఉండేవి, ఎవరు కొన్నారో ఆ దేవుడికే తెలియాలి. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చి ఇలాంటి సరోగేట్ ప్రకటనలు కుదరవంది. మీరు చట్టం దాటారని నేను అనడం లేదు, మీ లాయర్లు నాకన్నా తెలివైనవాళ్లు. నేను అంటున్నది, మా పాట మీద మీకున్న ప్రేమ ఎక్కడి నుంచి పుట్టిందో మాకు తెలుసు అని. 2010లో పుణెలో మొదలైన సంగీత పండగ ఎన్‌హెచ్7 వీకెండర్‌ను ఏళ్ల తరబడి జనం బకార్డి ఎన్‌హెచ్7 వీకెండర్ అనే పిలిచారు. ఆ ఏడో నంబరు హైవే నిజానికి మన ఆదిలాబాద్, హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా పోయే రోడ్డే, ఇప్పుడు దానికి 44 నంబరు వేశారు. రోడ్డు పేరుకు ముందు రమ్ము పేరు చేరింది. చాలా మంచి బ్యాండ్లను నేను మొదటిసారి విన్నది అక్కడే, అది కూడా చెప్పాలి.

ఈ మంచినీళ్ల నాటకం మాకు ఎక్కడ తగిలిందో చెప్పనా? బోరబండ కుర్రాడు ఒకడున్నాడు, ర్యాప్ చేస్తాడు. వాడి పాటల్లో అన్నిటికన్నా గట్టిది నీళ్ల ట్యాంకర్ మీద. తెల్లవారుజామున బిందెల క్యూ, వాళ్లమ్మ లైన్లో పెట్టిన ఇటుక, ఆ ఇటుకను ఎవరో జరిపేస్తే మొదలైన తగాదా, అంతా నాలుగు నిమిషాల్లో ఉంటుంది. గదిలో పాడితే చివరి చరణానికి జనం గొంతు కలిపేవాళ్లు. మీలో ఒక కంపెనీ షోకు వాడిని పిలిచింది. ఒప్పందంలో పది రోజుల ముందు సాహిత్యం మొత్తం టైప్ చేసి పంపాలని ఉంది. పంపాం. జవాబు వచ్చింది: అన్ని పాటలూ ఓకే, ట్యాంకర్ పాట ఒక్కటి వద్దు. బూతులున్నాయా అంటే లేవన్నారు. రాజకీయమా అంటే అదీ కాదన్నారు. చివరికి ఆ కంపెనీ తరఫున మాతో మాట్లాడే అమ్మాయి, పాపం మర్యాదస్తురాలే, ఇబ్బంది పడుతూ అసలు విషయం చెప్పింది: "సార్, పేపర్ మీద ఈ ఈవెంట్ మా ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్‌ది. వాటర్ మా కేటగిరీ సార్."

విస్కీ కంపెనీ వాళ్లు నీళ్ల కంపెనీగా వేషం వేసుకున్నారు, ఆ వేషం కోసం నీళ్లు లేని కుర్రాడు నీళ్ల గురించి పాడకూడదు. నేను ఫోన్ పెట్టేసి చాలాసేపు నవ్వాను. వాడు నవ్వలేదు. డబ్బు అవసరం కాబట్టి మిగతా పాటలు పాడి వచ్చాడు. స్టేజీ వెనక వాడికి ఇచ్చిన నీళ్ల సీసా మీద మీ పేరే ఉంది.

కేరళలో ప్లాచిమడ అనే ఊరుంది. కోకాకోలా ప్లాంటు వచ్చాక బావులు ఎండిపోయాయని, ఉన్న నీళ్లు పాడయ్యాయని అక్కడి ఆదివాసీ ఆడవాళ్లు ధర్నాకు కూర్చున్నారు, 2004లో ప్లాంటు మూతపడింది. 2011లో ఆ కంపెనీ పేరు మీదే కోక్ స్టూడియో అనే పాటల కార్యక్రమం మన టీవీల్లోకి వచ్చింది. జానపద గొంతులు, మంచి మంచి వాయిద్యాలు, కొన్ని పాటలు నా ఫోన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ఆ స్టూడియోలో ఎవరైనా నిలబడి ప్లాచిమడ బావి మీద పాడతానంటే ఏం జవాబు వస్తుందో నేను ఊహించగలను. కేటగిరీ అంటారు.

జానపదం అన్నాను కాబట్టి డప్పు సంగతి. మా జనగామ పక్క ఊరి బృందం ఒకటి, తొమ్మిది మంది. ఒక ఫోన్ లాంచ్‌కు కావాలని ఏజెన్సీ అడిగితే నేనే కుదిర్చాను, కాబట్టి ఇందులో నా తప్పు కూడా ఉంది. మాదాపూర్‌లో ఏసీ హాలు. డప్పుకు మంట కావాలి. చింతకర్ర చట్రానికి బిగించిన తోలు చల్లబడితే సాగుతుంది, గడ్డి మంట ముందు అటూ ఇటూ తిప్పి కాగబెడితేనే మోగుతుంది. పెద్దాయన వేలితో తట్టి చూసి, ఇంకొంచెం, ఇంకొంచెం అని, ఆ టంగుమనే మోత వచ్చేదాకా కాస్తాడు. హాలు వాళ్లు అగ్గిపుల్ల కూడా గీయనివ్వం అన్నారు. పార్కింగ్‌లోనైనా కాసుకుంటామంటే సెక్యూరిటీ ఒప్పుకోలేదు. చివరికి ఏజెన్సీ కుర్రాడు మేకప్ గదిలోంచి హెయిర్ డ్రయ్యర్ తెచ్చాడు. డప్పు కొట్టే సిర్ర, సిటికెన పుల్ల చేతిలో పట్టుకుని తొమ్మిది మంది మగవాళ్లు, ఒంటి మీద కంపెనీ పేరున్న నల్ల టీషర్టులు, ఒక హెయిర్ డ్రయ్యర్ చుట్టూ నిలబడి తమ వంతు కోసం చూస్తున్నారు. ఏసీ చలికి అక్కడ ఆరబెట్టింది స్టేజీ ఎక్కేసరికి మళ్లీ మెత్తబడింది. దెబ్బ వేస్తే అట్టపెట్టె చప్పుడు. యాంకర్ దాన్ని ఎత్నిక్ బీట్స్ అని పరిచయం చేసింది. చావుకు, చాటింపుకు పిలిచి, పని అయ్యాక దూరంగా కూర్చోబెట్టిన వాళ్ల వాయిద్యం అది. 1994లో మొదలైన దండోరా ఉద్యమం ఆ డప్పునే నెత్తికెత్తుకుంది. మీకు ఇదంతా తెలియాలని నేను అనను. కానీ పిలిచే ముందు మంట గురించైనా అడగొచ్చు కదా.

షూ కంపెనీల వాళ్లకు వేరే చెప్పాలా? 2005లో నైకీ వాళ్ల స్కేట్‌బోర్డింగ్ విభాగం ఒక పోస్టర్ వేసింది. వాషింగ్టన్ పంక్ బ్యాండ్ మైనర్ థ్రెట్ 1981లో తెచ్చిన మొదటి రికార్డు అట్ట మీద, గుండు కొట్టించుకున్న కుర్రాడొకడు మెట్ల మీద తల వాల్చి కూర్చుని ఉంటాడు. ఆ బొమ్మనే దించి, కాళ్లకు తమ బూట్లు తొడిగి, మేజర్ థ్రెట్ అని పేరు పెట్టారు. అడగలేదు, పెట్టలేదు. అభిమానులు ఉతికి ఆరేశాక క్షమాపణ చెప్పి వెనక్కి తీసుకున్నారు. ఎవరి బొమ్మ తీసుకున్నారో చూడండి: ఆ బ్యాండ్ గాయకుడే తర్వాత ఫుగాజీ అనే బ్యాండ్ పెట్టి, పేరొచ్చాక కూడా టికెట్ ఐదు డాలర్ల దగ్గరే ఉంచడానికి ఏళ్ల తరబడి తంటాలు పడ్డవాడు. అంత కట్టుబాటు నాకు లేదు, చెప్పాను కదా, నేను శ్రీనాథుడి బాపతు.

అయినా మేం ఏమీ చేయలేమని అనుకోకండి. 2024 మార్చిలో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో సౌత్ బై సౌత్‌వెస్ట్ పండగకు అమెరికా సైన్యం, ఆయుధాల కంపెనీ ఆర్‌టీఎక్స్ స్పాన్సర్లని తెలిసి, గాజా పేరు చెప్పి 80కి పైగా కళాకారులు తప్పుకున్నారు. పోతే పోండి, మళ్లీ రాకండి అని ఆ రాష్ట్ర గవర్నర్ వెటకారం చేశాడు. జూన్‌కల్లా నిర్వాహకులే వచ్చే ఏడాది సైన్యం స్పాన్సర్‌గా ఉండదని ప్రకటించారు. అదే ఏడాది బ్రిటన్‌లో బ్యాండ్లు వరసగా తప్పుకోవడంతో బార్‌క్లేస్ బ్యాంకు కూడా కొన్ని సంగీత పండగల స్పాన్సర్‌షిప్ నుంచి పక్కకు జరగాల్సి వచ్చింది. మేం అంత పెద్దవాళ్లం కాము. హైదరాబాద్‌లో ఎనభై బ్యాండ్లు తప్పుకోవాలంటే ముందు ఎనభై బ్యాండ్లు ఉండాలి. కానీ ఉన్న కొద్దిమందిమి ఒకరితో ఒకరం మాట్లాడుకుంటున్నాం, మీ మెయిల్స్ ఒకరికొకరం చూపించుకుంటున్నాం.

మరి మీ డబ్బు వద్దా అంటే, కావాలి. స్టేజీకి కాదు, గదికి పెట్టండి. ఒక గదికి ఏడాది అద్దె ముందే కట్టి, మీ బోర్డు బాత్రూం తలుపు మీద పెట్టుకోండి, అందరూ చూసేది అదే. బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక 2010 నుంచి నిలబడిందంటే ఒక పాత ఇంటి ఆవరణ, తక్కువ అద్దె, అందరికీ అందే ధరకు చాయ్ ఉండబట్టే. ఎంట్రీ ఫ్రీ చేయకండి, మీ ఆఫీసు వాళ్లకు టికెట్లు కొనివ్వండి, వాళ్లు కూడా వచ్చి చెమటలో నిలబడి బాగాలేకపోతే మమ్మల్ని తిట్టనివ్వండి. సాహిత్యం టైప్ చేసి పంపమని అడగకండి, వినాలంటే గదికి రండి. మూడేళ్లు ఉంటామంటే రండి, ఒక సీజన్‌కైతే వద్దు. ఇవి కుదరవని మీలో చాలామంది చెబుతారని తెలుసు, ఎందుకంటే మీ బాస్‌కు చూపించడానికి బాత్రూం తలుపు ఫొటో పనికిరాదు.

పోయిన వారం మెయిల్ రాసిన వాళ్లకు విడిగా ఒక మాట. మీ ఏజెన్సీయే ఆ డప్పు ప్రోగ్రాం చేసింది, మీకు గుర్తుందో లేదో. బృందానికి ₹30,000 మాట్లాడుకున్నాం, పన్నెండు వేలు అడ్వాన్సు ఇచ్చారు. మిగతా ₹18,000కి వెండర్ రిజిస్ట్రేషన్ ఫారం నింపమన్నారు. అందులో జీఎస్టీ నంబరు, వెబ్‌సైటు, వార్షిక టర్నోవర్ అడిగారు. పెద్దాయన టర్నోవర్ అంటే ఏందని నాకు ఫోన్ చేశాడు, ఏడాదికి ఎంత సంపాదిస్తారని అన్నాను, ఏ ఏడాది అని అడిగాడు. నింపి పంపాం. పదకొండు నెలలైంది. ఆయన బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్స్ మీ మెయిల్‌కు జవాబుగా మళ్లీ పంపాను. పాత కాపీలో ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ సరిగా కనబడలేదని మీ అకౌంట్స్ వాళ్లు అన్నారు కాబట్టి ఈసారి ఆ అంకెలు పెన్నుతో పైన పెద్దగా రాశాను. కొత్త ప్రాపర్టీ గురించి ఆ డబ్బు పడ్డాక మాట్లాడుకుందాం.